కలఫాత్ దగ్గర డాన్యూబ్‌లో దిగేముందు ఒక్క మాట

ఎండలు ముదిరాయంటే డాన్యూబ్‌లో మునిగిపోయారన్న వార్తలు మొదలవుతాయి, మొన్న మళ్ళీ ఒకటి చదివాను. రుమేనియాలో చదువుకో పనికో ఉన్న మనవాళ్ళు ఎవరైనా డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న కలఫాత్ ఊరి వైపు వెళ్తుంటే ఇది చదవండి. తాగి దిగొద్దు, ఈత రాకపోతే దిగొద్దు లాంటివి మీకు తెలిసినవే. నా భయమంతా మోకాళ్ళ లోతు నీళ్ళ గురించి.

పడవ చెక్కల సందుల్లో నార కూరి, తారు పూసి, నీళ్ళు కారకుండా చేసేవాళ్ళని కలఫాత్ అనేవారు. 14వ శతాబ్దంలో జెనోవా వర్తకులు ఓడల మరమ్మతుకి అలాంటి పనివాళ్ళని ఇక్కడ పెట్టారని, ఊరికి ఆ పేరే నిలిచిందని చెప్తారు. 2013లో వంతెన తెరిచేదాకా ఎదురొడ్డున ఉన్న బల్గేరియా ఊరు విడిన్ నుంచి వాహనాలు ఎక్కించుకుని ఫెర్రీలు ఈ ఒడ్డుకే వచ్చేవి. అంత బరువైన ఫెర్రీ వచ్చి ఆగే ఒడ్డు పక్కన లోతు ఎంతుంటుందో ఆలోచించండి.

ఒడ్డున నీళ్ళు కదలనట్టే ఉంటాయి, కాళ్ళకి మెత్తగా ఇసుక తగులుతుంది, మోకాళ్ళ దాకానే కదా అని ఇంకో నాలుగడుగులు వేస్తారు. అక్కడ ఇసుక ఒక్కసారిగా తెగిపోతుంది. కాలికి నేల అందే లోపే ప్రవాహం నడుము పట్టి లాగేస్తుంది. మన గోదావరి ఇసుకతిన్నెల దగ్గర పిల్లలు పోయేది కూడా ఇలాగే. మోకాళ్ళ లోతే కదా అని దిగకండి.

నీళ్ళు తగ్గిన ఏడాది ఇంకా ప్రమాదం. 2022 ఆగస్టులో ఎగువన సెర్బియాలోని ప్రహోవో దగ్గర 1944లో ముంచేసిన జర్మన్ యుద్ధనౌకలే బయటపడ్డాయి, అంతలా తగ్గింది నది. అలాంటప్పుడు తేలే తిన్నెల మీదకి నడిచి వెళ్ళొద్దు. ఎగువన ఐరన్ గేట్స్ డ్యాములున్నాయి, టర్బైన్లు నడిచేదాన్ని బట్టి నీటిమట్టం మారుతుంది, వెళ్ళిన దారి తిరిగొచ్చేసరికి ఉండకపోవచ్చు.

బార్జీలు, అంటే పెద్ద సరుకు పడవలు, ఆగవు, వాటికి దూరం. తలకిందులుగా దూకొద్దు. కొట్టుకుపోతే ఎదురీదొద్దు, ప్రవాహంతో పోతూ ఏటవాలుగా ఒడ్డు పట్టండి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు, తాడో ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో విసరండి, 112కి ఫోన్ చేయండి. పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేయొద్దు. చీకటి పడ్డాక నీళ్ళ దగ్గర ఉండొద్దు. ఊరివాళ్ళు దిగని చోట మీరూ దిగొద్దు. మోకాళ్ళ లోతే అనిపించినా సరే, దిగొద్దు.