కంపెనీ ఫంక్షన్‌కి పోలీస్ పర్మిషన్: ఇన్‌వర్డ్ స్టాంపు పడితే పని అయిపోయినట్టు కాదు

మాదాపూర్ వైపు ఒక కన్వెన్షన్ లాన్. సాయంత్రం ఐదు. స్టేజీ మీద సౌండ్ చెక్ నడుస్తోంది. ఎస్సై లోపలికి వచ్చి, "ఆర్డర్ కాపీ చూపించండమ్మా" అన్నారు. హెచ్‌ఆర్‌లో పనిచేసే అమ్మాయి ఫైల్లోంచి కాగితం తీసి ఇచ్చింది. కంపెనీ లెటర్‌హెడ్ మీద రాసిన దరఖాస్తు అది. మూలన గుండ్రటి నీలం ఇన్‌వర్డ్ స్టాంపు, పక్కన పెన్నుతో వేసిన నంబరు, తేదీ. "ఇది మీరు మాకిచ్చిన కాగితం. మేం మీకిచ్చింది ఏదీ?" అని అడిగారాయన. అన్నీ తనే చూసుకుంటానని నలభై వేలు తీసుకున్న మధ్యవర్తి ఫోను అప్పటికే స్విచాఫ్. పిల్లాపాపలతో వచ్చినవాళ్లు గేటు దగ్గర్నుంచే వెనక్కి వెళ్లారు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. స్టాంపు పడిన దరఖాస్తుకూ, పోలీసులిచ్చే అనుమతికీ ఉన్న తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఇది రాస్తున్నాను.

మామూలు కాగితాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కంపెనీ లెటర్, బాధ్యత తీసుకునే వ్యక్తి ఆధార్, వెన్యూ వాళ్ల బుకింగ్ లెటర్, కార్యక్రమం వివరాలు కావాలి. రోడ్డు మీద వాహనాలు ఆగే అవకాశం ఉంటే ట్రాఫిక్ పోలీసులకు పార్కింగ్ ప్లాన్ ఇవ్వాలి. మద్యం ఉంటే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ విడిగా తీసుకోవాలి. సినిమా పాటలు వేస్తే మ్యూజిక్ లైసెన్సు కావాలి. పెళ్లిళ్లకు చట్టంలో ఉన్న మినహాయింపు కంపెనీ వేడుకలకు వర్తించదు. ఆరుబయట లౌడ్‌స్పీకర్ రాత్రి పదికి ఆగాల్సిందే, 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనలు అదే చెబుతున్నాయి. లాన్‌లో షామియానా గానీ షెడ్డు గానీ వేస్తే ఫైర్ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అగ్నిమాపక శాఖ ఇచ్చే పత్రం), స్టేజీకి ఇంజినీరు ఇచ్చే స్టెబిలిటీ సర్టిఫికెట్, కరెంటు పనికి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. కనీసం పదిహేను రోజుల ముందు మొదలుపెట్టండి.

స్టేజీ సర్టిఫికెట్ దగ్గర ఒక్క మాట. 2024 జనవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సిల్వర్ జూబ్లీ జరుపుకుంది. సీఈవోని పైనుంచి బోనులో స్టేజీ మీదకు దించుతుండగా గొలుసు తెగింది. ఆయన ప్రాణం పోయింది. క్రేన్, రోప్, లిఫ్ట్ లాంటివి ఏవి వాడినా ఇంజినీరుకు ముందే చెప్పండి, సర్టిఫికెట్‌లో వాటి పేరు రాయించండి. స్టేజీ గట్టిగా ఉందని రాసిన కాగితం పైన వేలాడే బోనుకు పనికిరాదు.

ఇక జనం తప్పటడుగు వేసే చోటుకు వద్దాం. ఇన్‌వర్డ్ స్టాంపు అంటే మీ ఉత్తరం పోలీసు ఆఫీసుకు చేరిందని మాత్రమే. ఆ తర్వాత అది స్టేషన్‌కు వెళ్తుంది, ఇన్‌స్పెక్టర్ గానీ ఎస్సై గానీ వెన్యూ చూస్తారు, రిపోర్టు రాస్తారు, పై అధికారి సంతకం చేస్తారు. అప్పుడే అది అనుమతి అవుతుంది. 2024 డిసెంబర్ 4న ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. బందోబస్తు కోరుతూ ఇచ్చిన లేఖ గురించి పోలీసులు తర్వాత వివరణ ఇస్తూ, ఏ అధికారినీ కలవకుండా ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి వెళ్లారన్నారు. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర క్రికెట్ విజయోత్సవ తొక్కిసలాటలో 11 మంది పోయారు. అక్కడ కూడా ముందురోజు అందిన లేఖ సమాచారమే తప్ప అనుమతి కోరడం కాదని కర్ణాటక ప్రభుత్వం హైకోర్టుకు చెప్పింది. కాబట్టి ఉత్తరం ఇచ్చిన రెండు మూడు రోజులకు మీరే స్టేషన్‌కు వెళ్లండి. ఇన్‌వర్డ్ నంబరు చెప్పి, ఎంక్వైరీ ఎవరికి ఇచ్చారో కనుక్కోండి. భయపడాల్సిందేమీ లేదు. ముందుగా వచ్చి అడిగేవాళ్లతో స్టేషన్‌లో మర్యాదగానే మాట్లాడతారు, నేను చూసింది అదే.

ఎంక్వైరీలో మొదట అడిగేది హెడ్‌కౌంట్. ఇక్కడే మధ్యవర్తులు చెవిలో ఒక మాట ఊదుతారు: "ఎక్కువ రాస్తే ఇవ్వరు సార్, మూడొందలు రాసేయండి." వినకండి. ఉద్యోగులు 600 మంది, రిజిస్టర్ చేసుకున్న కుటుంబ సభ్యులు 800 మంది, క్యాటరింగ్, సెక్యూరిటీ, ఆర్టిస్టులు, డ్రైవర్లు మరో 150 మంది ఉంటే, రాయాల్సింది 1550. ఆ లెక్క చూసే గేట్లు ఎన్ని తెరవాలో, బౌన్సర్లు ఎంతమంది కావాలో, అంబులెన్సు ఎక్కడ నిలబడాలో చెబుతారు. 300 అని రాస్తే 300 మందికి సరిపడా ఏర్పాట్లే ఉంటాయి. వెన్యూ బ్రోచర్‌లో ఉండే కెపాసిటీ కూడా చాలాసార్లు వరస కుర్చీల లెక్క. రౌండ్ టేబుళ్లు, బఫే కౌంటర్లు వేస్తే అందులో చాలా భాగం పోతుంది.

దాంతోపాటు లేఅవుట్ ప్లాన్ ఇవ్వాలి. డెకరేషన్ వాళ్లు ఇచ్చే రంగుల బొమ్మ కాదు. ప్రతి గేటు వెడల్పు మీటర్లలో, స్టేజీ, ఎల్‌ఈడీ తెర, జనరేటర్, మంటలార్పే సిలిండర్లు, ఫైరింజన్ లోపలికి వచ్చే దారి అందులో కనిపించాలి. ఈ ప్లాన్ మీరే టేపు పట్టుకుని చూసుకోండి. ఒకచోట నేను ప్లాన్ చేతిలో పట్టుకుని తిరుగుతుంటే, రెండో ఎగ్జిట్ ఉండాల్సిన చోట పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. దాన్ని పైకెత్తి చూస్తే తలుపు, దాని ముందు కేబుళ్ల చుట్టలు, ఖాళీ వాటర్ బాటిళ్ల ట్రేలు. ఫొటోలకు బ్యాక్‌డ్రాప్ బాగుంటుందని కట్టారట. సెలబ్రిటీ వెళ్లిపోగానే, లేదా డిన్నర్ అనౌన్స్ చేయగానే జనమంతా ఒక్కసారి లేస్తారు. ఆ నిమిషంలో ఆ తలుపు తెరుచుకోవాలి. వీలైతే డిన్నర్‌ను టేబుళ్ల వారీగా పిలవండి, గిఫ్టులు మాత్రం గేటు దగ్గర అస్సలు పంచకండి.

చివర్లో పోలీసులు సంతకం కోసం అండర్‌టేకింగ్ (షరతులు పాటిస్తామనే హామీపత్రం) ఇస్తారు. దాని మీద సంతకం ఈవెంట్ మేనేజర్‌ది కాదు, కంపెనీ తరఫున మీది. ఏదైనా జరిగితే ముందు పిలిచేది ఆ పేరునే. అందుకే షరతులన్నీ కూర్చుని చదవండి. ఒప్పుకోలేనిది ఉంటే అప్పుడే అడగండి. ఫీజులు ఏవైనా ఉంటే చలానా లేదా ఆన్‌లైన్ రసీదుతోనే కట్టండి, రసీదు రానిదేదీ ఫీజు కాదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు ఒక గేటు పెంచడమో, సమయం గంట ముందుకు జరపడమో చేస్తే ఇచ్చేస్తారు.

చేతికొచ్చిన ఆర్డర్‌లో నంబరు, తేదీ, సంతకం, వెన్యూ పేరు, మీరు రాసిన హెడ్‌కౌంట్ సరిపోయాయో లేదో చూసుకోండి. మూడు జిరాక్సులు తీయించండి. ఒకటి మెయిన్ గేటు సెక్యూరిటీ దగ్గర, ఒకటి వెన్యూ మేనేజర్ దగ్గర, ఒకటి మీ జేబులో.