గొంతులో ట్యూబ్ ఉన్నవాళ్లకు చలికాలం జాగ్రత్తలు

మా నాన్నకి ట్రకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి ఊపిరికి ట్యూబ్ పెట్టడం) చేసి ఇంటికి పంపింది కార్తీకమాసంలో. ట్యూబ్ శుభ్రంగా ఉంచమన్నారు. చలిగాలి ఏం చేస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక రాత్రంతా ఆయన గొంతు దగ్గర సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. గురక అనుకున్నాం. తెల్లవారి లోపలి ట్యూబ్ (పెద్ద ట్యూబులో ఇమిడి, తీసి కడిగేందుకు వీలుగా ఉండేది) తీసి చూస్తే, తుమ్మబంకలా గోధుమరంగు పెచ్చు సగం దారి మూసేసి ఉంది.

ముక్కు గాలిని వెచ్చబరుస్తుంది, తేమ కలుపుతుంది, దుమ్మును ఆపుతుంది. మెడ దగ్గర పీల్చే గాలికి ఇవేవీ ఉండవు. అందుకే కళ్లె చిక్కబడి ట్యూబులోనే ఎండిపోతుంది. ముక్కు చేసే ఆ పని ఇప్పుడు ఇంట్లోవాళ్లం చేయాలి. ట్యూబుకి తేమ నిలిపే ఫిల్టర్ పెట్టండి. డాక్టరు చెప్పినట్టు సెలైన్‌తో (ఉప్పునీటి ద్రావణంతో) నెబ్యులైజర్, అంటే దాన్ని సన్నటి తుంపరగా మార్చే యంత్రం, పట్టండి. నీళ్లు తగ్గించమని చెప్పకపోతే గోరువెచ్చగా తరచూ తాగించండి. మింగడం కష్టమైతే ముందు డాక్టరుని అడగాలి. లోపలి ట్యూబ్ నర్సు నేర్పినట్టు రోజూ కడగాలి. చలికాలంలో రోజుకి ఒకసారి ఎక్కువే చూసుకోండి.

సక్షన్ (సన్నటి గొట్టంతో కళ్లెను లాగేయడం) చేసేటప్పుడు గొట్టం లోపలికి పోనిస్తున్నంతసేపు ఆ గొట్టానికి ఉండే పక్క రంధ్రం మీద వేలు పెట్టకూడదు. బయటికి లాగేటప్పుడే మూయాలి. మొత్తం 10–15 సెకన్లు దాటొద్దు. కరెంటు పోతే పనికొచ్చేలా కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. మా ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది దానితోనే.

దీపావళి టపాసులు, భోగిమంటలు, అగరొత్తులు, దోమల కాయిల్స్, వీటి పొగ ఏదీ ఆ గదిలోకి రాకూడదు. చుట్టుపక్కలవాళ్లకి ముందే చెప్పుకోండి, మొహమాటపడొద్దు. స్నానంలో నీళ్లు మెడ దగ్గరికి పోకుండా చూడాలి.

మంచం పక్కన అదే సైజు ట్యూబ్ ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ ఉండాలి. ఊపిరి ఆడనట్టు కనిపిస్తే మొదట లోపలి ట్యూబ్ తీసేయండి, తర్వాత సక్షన్. అప్పటికీ తేరుకోకపోతే 108కి ఫోన్ చేసి, ‘మెడ దగ్గరి రంధ్రం ద్వారా ఊపిరి పీల్చే మనిషి’ అని మొదటి మాటగా చెప్పండి. ఆక్సిజన్ ముఖానికి మాత్రమే పెడితే చాలదు, మెడ దగ్గర కూడా పెట్టాలి. ట్యూబ్ వల్ల ఆయన నోటితో పిలవలేరు కాబట్టి చేతికందేలా ఒక గంట కట్టి ఉంచండి.