పూలను రంగు పోకుండా ఎండబెట్టి ఇల్లు అలంకరించడం ఎలా?

గుమ్మానికి కట్టిన బంతి తోరణం వారానికల్లా నల్లబడి రాలిపోతుంది. అదే పువ్వులోని తడిని త్వరగా, వెలుతురు తగలకుండా లాగేస్తే రంగు చాలావరకు నిలుస్తుంది. తిరుపతిలో ఈ పనికి ఫిబ్రవరి నుంచి మే వరకు అనువైన కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ ఉంటుంది కాబట్టి అప్పుడు మొదలుపెట్టకండి, సగం పూలు బూజు పట్టిపోతాయి.

ఆలయాల్లో వాడిన పూలతో తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యాన విశ్వవిద్యాలయం సాయంతో దేవుళ్ల చిత్రపటాలు చేయించింది. పూలను ఎండబెట్టే ఇలాంటి పద్ధతినే ఇంట్లోనూ పాటించవచ్చు.

ఏ పూలు తీసుకోవాలి?

మొదటిసారి చేసేవారికి బొగడబంతి, కోడిజుట్టు పువ్వు, కాగితంపూలు మంచివి. వీటిలో తడి తక్కువ, రంగు గట్టిది. కుప్పం, పలమనేరు వైపు పండే చామంతి, రోజా కూడా బాగా వస్తాయి, కాకపోతే ఓపిక కావాలి. మల్లె, కనకాంబరం జోలికి పోకండి. అవి గోధుమరంగులోకి మారిపోతాయి.

సగం విచ్చిన పువ్వునే ఎంచుకోండి. ఎండేటప్పుడు కూడా రేకులు కొంత విచ్చుకుంటాయి. అందుకే పూర్తిగా విచ్చిన పువ్వు రేకులు రాల్చేస్తుంది. బజారులో పూలమీద నీళ్లు చల్లి ఉంచుతారు. ఇంటికి తెచ్చాక పాత పేపరు మీద పరిచి రెండు గంటలు ఫ్యాను గాలికి ఆరనివ్వండి.

కాడ ఉంటే వేలాడదీయండి

ఆకులు తీసేసి, ఎనిమిది పది కాడలను ఒక కట్టగా రబ్బరు బ్యాండుతో బిగించి తలకిందులుగా వేలాడదీయండి. పురికొస వద్దు. ఎండేకొద్దీ కాడలు సన్నబడి ముడి వదులవుతుంది, పూలు ఒక్కొక్కటిగా జారిపోతాయి. చీకటిగా, గాలి ఆడేలా ఉండే గది కావాలి. మేడ మీది ఎండలో పెడితే తొందరగా ఎండుతాయి గానీ రంగు వెలిసిపోతుంది. రెండు మూడు వారాల తర్వాత కాడ వంచితే పుటుక్కున విరగాలి. వంగిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

విడిపూలైతే ఇసుకలో పూడ్చండి

బజారు చామంతికి, రోజాకు చాలాసార్లు కాడ ఉండదు. ముందుగా సన్నని తీగను పువ్వు అడుగు నుంచి రెండు సెంటీమీటర్లు గుచ్చండి. ఎండాక గుచ్చితే పువ్వు విరిగిపోతుంది.

1. సన్నని ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండబెట్టి, పాత బాణలిలో వేయించి చల్లార్చండి.
2. డబ్బాలో మూడు సెంటీమీటర్ల మందం ఇసుక పోసి, తీగను పక్కకు వంచి పువ్వును నిలబెట్టండి.
3. ముందు పువ్వు చుట్టూ, తర్వాత చెంచాతో రేకుల మధ్య కొద్దికొద్దిగా పోయండి. నేరుగా పైనుంచి పోస్తే పువ్వు అణిగిపోతుంది.
4. పువ్వు మీద ఒక సెంటీమీటరు ఇసుక ఉండేలా కప్పండి.

ఎక్కువమంది తప్పుచేసేది మూత దగ్గరే. ఇసుక తడిని పట్టి ఉంచదు, ఆ తడి పైకి పోవాలి. కాబట్టి మూత తెరిచే ఉంచి ఏడు నుంచి పది రోజులు ఆగండి. మూసేస్తే పువ్వు కుళ్లిపోతుంది. ఇసుకకు బదులు సిలికా జెల్ (తేమను పీల్చే గుళికలు) వాడితే మాత్రం మూత బిగించాలి, ఎందుకంటే అది గదిలోని తేమను కూడా పీల్చేస్తుంది. నాలుగు నుంచి ఆరు రోజులు చాలు. ఇంకా ఉంచితే రేకులు ముట్టుకుంటేనే పొడి అవుతాయి. నీలిరంగు రకంలో కోబాల్ట్ క్లోరైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది కాబట్టి నారింజరంగుది కొనండి. దుమ్ము లేస్తుంది గనుక మాస్కు పెట్టుకోండి.

తీసేటప్పుడు పువ్వును పట్టి లాగకండి. డబ్బాను వంచి ఇసుకను మెల్లగా పారబోస్తే పువ్వు దానంతటదే బయటపడుతుంది. మెత్తటి కుంచెతో రేకుల సందుల్లో దులపండి. ఎర్రరోజా ఎండితే దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఎర్రదనం కావాలంటే ముదురు గులాబీరంగు పువ్వు తీసుకోవడం మేలు.

మెత్తని ఆకుల కోసం

జామాయిల్ కొమ్మల చివరలు నలగ్గొట్టి, ఒక వంతు గ్లిజరిన్, రెండు వంతుల వేడినీళ్లు కలిపిన సీసాలో రెండు మూడు వారాలు నిలబెట్టండి. ఆకులు కాస్త గోధుమరంగుకు తిరిగినా మెత్తగా, వంగేలా ఉంటాయి. ఆకు మీద జిడ్డు చెమ్మ కనిపిస్తే కొమ్మను తీసేయండి.

ఎక్కడ పెట్టాలి?

కిటికీ ఎండ, వంటింటి ఆవిరి తగలని గోడ చూడండి. పూజగదిలో దీపం దగ్గర అసలే వద్దు, ఎండుపూలు ఇట్టే అంటుకుంటాయి. అద్దం ఉన్న ఫ్రేములో పెట్టి వెనక సిలికా పొట్లం ఉంచితే వానాకాలం గడుస్తుంది. విడిగా ఉన్నవాటిని అక్టోబరులో మూత బిగుసుకునే డబ్బాల్లోకి మార్చండి.

తళుకుపొడి, స్ప్రే రంగులు వేయకండి. ఏడాదో రెండేళ్లో గడిచి రంగు పోయాక, తీగ లాగేసి, ఏ రంగూ పూయని పూలను కుండీ మట్టిలో కలిపేయవచ్చు.