బరువు రూల్ మీ టేబుల్ మీద పనిచేయట్లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మన హైదరాబాద్‌లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట) ఆడే వీకెండ్ గ్రూపులు చాలావరకు మూడో నాలుగో సెషన్‌కే వదిలేసే రూల్ ఏదంటే సామాన్ల బరువే. అది వదిలేయొద్దని గట్టిగా చెప్తాను. దొరికిన నిధిలో ఏది మోయాలి, ఏది వదలాలి అని ప్లేయర్లు కొట్టుకునే పది నిమిషాల్లో ఉన్న మజా చాలా ఫైట్లలో ఉండదు. కింద చెప్పేదంతా ఆ ఆట 5వ ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం.

సమస్య: ఎంత మోసినా ఎవరికీ ఏమీ కావట్లేదు

మామూలు రూల్ మరీ మెతక. స్ట్రెంత్‌ని, అంటే పాత్ర బలానికి ఇచ్చిన అంకెని, 15తో గుణిస్తే వచ్చేదే పరిమితి, అంటే స్ట్రెంత్ 16 ఉన్న ఫైటర్ (యోధుడి పాత్ర) 240 పౌండ్లు, దాదాపు 109 కిలోలు మోస్తూ కూడా హాయిగా పరిగెత్తుతాడు. అదే రూల్స్ పుస్తకంలో వేరియంట్ రూల్ (కావాలంటే వాడుకునే ఇంకో పద్ధతి) ఉంది, అది పెట్టండి. స్ట్రెంత్‌కి 5 రెట్లు దాటితే స్పీడ్ 10 అడుగులు తగ్గుతుంది. 10 రెట్లు దాటితే 20 అడుగులు తగ్గడమే కాకుండా స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం)తో వేసే చెక్‌లు, అటాక్‌లు, సేవింగ్ త్రోలు (ప్రమాదం తప్పించుకోడానికి వేసే పాచికలు) అన్నిటికీ డిసడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి తక్కువది తీసుకోవాలి.

సమస్య: వేరియంట్ పెట్టగానే అందరూ నత్తనడక

ఇక్కడే సగం మంది భయపడి రూల్ తీసేస్తారు. కారణం ఎక్స్‌ప్లోరర్స్ ప్యాక్ అనే ప్రయాణపు సామాను మూట, దాని బరువు 59 పౌండ్లు. పైన చెప్పిన ఫైటర్‌నే తీసుకోండి: చెయిన్ మెయిల్ అనే ఇనుప కవచం 55 (కిరాణా కొట్లో 25 కిలోల బియ్యం బస్తా ఒంటికి కట్టుకున్నట్టు), షీల్డ్ 6, లాంగ్‌స్వోర్డ్ 3, రెండు హ్యాండ్‌యాక్స్‌లు 4. మొత్తం 68. అతని మొదటి గీత, అంటే 5 రెట్లు, 80, కాబట్టి ఇక్కడిదాకా ఓకే. ప్యాక్ తగిలించగానే 127. స్ట్రెంత్ 8 ఉన్న విజర్డ్‌కైతే (మంత్రగాడి పాత్ర) గీత 40 దగ్గరే, ప్యాక్ ఒక్కటి చాలు దాటడానికి.

ప్యాక్ విప్పి చూడండి: పది రోజుల తిండి 20, తాడు 10, పది కాగడాలు 10. నలుగురికీ నాలుగు తాళ్లు ఎందుకు చెప్పండి? గ్రూప్ మొత్తానికి ఒక్కటి చాలు, అది కూడా సిల్క్ తాడైతే 5 పౌండ్లే. తిండి మూడు రోజులకి సరిపడా ఉంచుకుని మిగతాది కంచరగాడిద మీద వేయండి, 8 బంగారు నాణేలకే వస్తుంది, 420 పౌండ్లు మోస్తుంది. ఇంకోటి, ఫైట్ మొదలవగానే బ్యాగ్ కింద పడేయొచ్చని డీఎం (ఆట నడిపించే మనిషి) ముందే చెప్పేయాలి. ఫైటర్ మళ్లీ 68కి వస్తాడు, స్పీడ్ తిరిగొస్తుంది, కానీ పారిపోవాల్సి వస్తే బ్యాగ్ గతేంటన్న టెన్షన్ మొదలవుతుంది. మనకి కావాల్సింది అదే.

సమస్య: స్ట్రెంత్ 12 ఉన్న క్లెరిక్ (పూజారి పాత్ర) చెయిన్ మెయిల్ వేసుకుంటే స్పీడ్ రెండుసార్లు తగ్గుతోంది

రెండు రూల్స్ కలిపేశారు. వేరియంట్ వాడుతుంటే ఆర్మర్ పట్టికలోని స్ట్రెంత్ కాలమ్ (కవచానికి చాలినంత స్ట్రెంత్ లేకపోతే స్పీడ్ తగ్గించేది) పట్టించుకోకూడదు. అలాగే హాఫ్‌లింగ్ (పొట్టి జాతి పాత్ర) చిన్నగా ఉన్నాడని పరిమితి సగం చేయకండి, సగం అనేది అన్నిటికంటే చిన్నదైన టైనీ సైజుకే.

సమస్య: లెక్క ఎవరూ రాయట్లేదు

మనం కిలోల్లో ఆలోచించే మనుషులం, పాత్ర వివరాలు రాసుకునే షీట్‌లోనేమో పౌండ్లు. బరువులన్నీ, పరిమితులన్నీ సగం చేసి కిలోలు అనుకోండి. రెండూ ఒకేలా తగ్గుతాయి కాబట్టి తేడా రాదు. అప్పటికీ కుదరకపోతే కోఠీలో ఇండెక్స్ కార్డుల కట్ట ఒకటి కొని, సామానుకో కార్డు రాసి, ఎవరు మోస్తుంటే వాళ్ల ముందు పెట్టండి. తాడు ఎవరి దగ్గరుందన్న గొడవ అక్కడితో ఆగిపోతుంది.

సమస్య: నాణేలకి బరువే లేనట్టు ఆడుతున్నారు

50 నాణేలు ఒక పౌండ్, ఏ లోహమైనా సరే. ఈ ఒక్క లైన్ అమలు చేస్తే ఆటే మారిపోతుంది. 5,000 రాగి నాణేలు 100 పౌండ్లు, విలువ చూస్తే 50 బంగారు నాణేలే! కూకట్‌పల్లిలో మేం ఆడుతున్నప్పుడు రోగ్ (దొంగ పాత్ర) ఆడే అమ్మాయి "అన్నా, కాగడాలు పారేసి రాగి నింపేస్తా" అంది. పది కాగడాలు తీస్తే 500 రాగి నాణేలు పట్టాయి, అంటే 5 బంగారు నాణేల లాభం. రెండు గదులు దాటాక చేతిలోని ఒక్క కాగడా గంట తర్వాత ఆరిపోయింది, టేబుల్ అంతా ఒక్కసారి సైలెంట్. నిధి పెట్టేటప్పుడు డీఎంలు కావాలనే రాగి, వెండి, పెద్ద విగ్రహాలు పెట్టండి. అన్నీ రత్నాలే పెడితే ఈ రూల్‌కి పనే ఉండదు.

సమస్య: బ్యాగ్ ఆఫ్ హోల్డింగ్ (చాలా సామాను పట్టే మాయ సంచి) వచ్చాక అంతా మళ్లీ మొదటికి

500 పౌండ్లు పడుతుందన్న లైన్ ఒక్కటే చదివి వదిలేస్తున్నారు. 64 ఘనపు అడుగుల పరిమితి కూడా ఉంది, దాని మూతి రెండు అడుగులే. పది అడుగుల నిచ్చెన అందులో పట్టదు, పెద్ద విగ్రహం అసలే పట్టదు. లోపల్నించి ఏదైనా తీయాలంటే ఒక యాక్షన్ (ఆ వంతులో చేసే ముఖ్యమైన పని) ఖర్చు, కాబట్టి హీలింగ్ పోషన్ (గాయాలు మాన్పే మందు) అందులో పెట్టినవాడు ఫైట్ మధ్యలో చిక్కుల్లో పడతాడు. లోడ్ ఎక్కువై చిరిగితే సామానంతా ఆస్ట్రల్ ప్లేన్ అనే వేరే లోకం పాలు. ఈ వివరాలన్నీ కార్డు వెనక రాసి, బ్యాగ్ దొరికిన రోజే ప్లేయర్ చేతికివ్వండి.