జిల్లా గణాంకాలు పొంతన కుదరనప్పుడు: సమస్య - పరిష్కారం

సమస్య: ప్రాజెక్టుకు కావలసిన గణాంకాలు ఎక్కడా దొరకడం లేదు.

అంశం పేరుతో వెతకడమే దీనికి కారణం. ఆ లెక్కను ఎవరు సేకరిస్తారో తెలుసుకుని వారి పేరుతో వెతకాలి. పోషకాహారం, టీకాల వివరాలకు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను, బడుల వివరాలకు కేంద్ర విద్యాశాఖ నడిపే యూడైస్ ప్లస్‌ను, ఉపాధికి కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక శక్తి సర్వే పీఎల్‌ఎఫ్‌ఎస్‌ను, పంటల విస్తీర్ణానికి రాష్ట్ర అర్థ గణాంక శాఖ ప్రచురణలను చూడండి.

సమస్య: డేటా దొరికింది కానీ, రెండు సంవత్సరాలను పోల్చితే ఫలితం నమ్మేలా లేదు.

2011 జనగణనలో కరీంనగర్ జిల్లా జనాభా సుమారు 37.76 లక్షలు కాగా, ఇటీవలి ప్రచురణల్లో అదే పేరు ఎదురుగా సుమారు 10 లక్షలే కనిపిస్తుంది. జనం ఎక్కడికీ పోలేదు. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని 10 జిల్లాలు 31 కావడంతో ఉమ్మడి కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల విడిపోయాయి, మరికొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. జనాభా విషయంలో ఈ తేడా కంటికి ఆనుతుంది కాబట్టి ప్రమాదం తక్కువే. అసలు చిక్కు శాతాలతో వస్తుంది, ఎందుకంటే శాతం వెనుక ఎంత ప్రాంతం ఉందో పట్టికలో కనబడదు. కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 విడతలో తెలంగాణకు 10 జిల్లాలు, 2019-21 విడతలో 31 జిల్లాలు ఉన్నాయి. రెండింటిలోనూ ఉన్న ‘కరీంనగర్’ వరుసలను పక్కపక్కన పెట్టి ‘పదిశాతం ప్రగతి’ అని రాసేవారికి కొదవ లేదు. వరంగల్ సంగతి ఇంకా విడ్డూరం: 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు, నంద్యాల విడిపోయినా కర్నూలు పేరు అలాగే ఉండిపోయింది.

అందువల్ల పట్టిక తెరవగానే జిల్లాల వరుసలు లెక్కపెట్టండి. అర నిమిషం పట్టే ఈ పనిని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. 23 ఉంటే అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తెలంగాణకు 33 ఉంటే 2019లో ములుగు, నారాయణపేట ఏర్పడిన తరువాతిది. వరుసలు సమానంగా ఉన్నా ఖమ్మం దగ్గర ఆగి చూడండి, 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి.

లెక్క కుదరకపోతే 2011 జనగణన గ్రామస్థాయి పట్టికను తీసుకుని, ఆరంకెల గ్రామ కోడ్ ఆధారంగా ప్రతి గ్రామానికి నేటి జిల్లాను చేర్చి మళ్లీ కూడండి. కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి గనుక మండలం దగ్గరే ఆగితే చాలదు. శాతాలకు సగటు తీయకూడదు. అక్షరాస్యతకైతే అక్షరాస్యుల సంఖ్యను కూడి, 0-6 ఏళ్ల పిల్లలను తీసివేసిన జనాభాతో భాగించాలి. కొన్ని కుటుంబాలనే ఎంచుకుని అడిగే నమూనా సర్వేలకు ఈ మార్గం లేదు. అక్కడ కొత్త జిల్లాల శాతాలను జనాభా భారంతో (ఎక్కువ జనాభా ఉన్న జిల్లాకు ఆ మేరకు ఎక్కువ వాటా ఇచ్చి) కలిపి పాత జిల్లాకు దగ్గరగా తేవచ్చు. అయితే ఉమ్మడి కరీంనగర్‌లోని హుస్నాబాద్, ఉమ్మడి వరంగల్‌లోని చేర్యాల ఇప్పుడు సిద్దిపేటలో ఉన్నాయి కాబట్టి అది అంచనాయేనని మీ నివేదికలోని పద్ధతి విభాగంలో రాయండి, లేదా రాష్ట్రస్థాయి పోలికతో సరిపెట్టుకోండి.

సమస్య: మొత్తం సున్నా వస్తోంది, లేదా వెయ్యి రెట్లు తేడా ఉంది.

ఎక్సెల్‌లో అంకెలు అక్షరాలుగా నిలిచిపోయి ఉంటాయి, లేదా పట్టిక శీర్షిక కింద ‘వేలల్లో’ అని ఉన్నది మీరు చదవలేదు.