ఇల్లు కడుతుంటే స్లాబ్ పడేసరికే డబ్బులు అయిపోతున్నాయా: తేడా ఎక్కడుంది?

సమస్య: మేస్త్రీ బిల్లు మీ లెక్కకు మించిపోయింది.
రేట్లు పెరిగాయంటారు గానీ, చాలాసార్లు తేడా కొలతలోనే. మీరు లెక్కేసుకున్నది గదుల వైశాల్యం, ఆయన కొలిచేది స్లాబ్. 900 చదరపు అడుగుల ఇంటికి పోర్టికో, బాల్కనీ, మెట్ల గది కప్పు కలిసి మరో 180 అయితే బిల్లు 20 శాతం పెరిగినట్టే. అడుగుకు 2000 చొప్పున 3.6 లక్షలు! వీటిని పూర్తిగా లెక్కేస్తారా, సగమా అన్నది అగ్రిమెంట్‌లో రాయించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బోరు, గేటు, కరెంటు మీటరు అడుగు రేటులో సాధారణంగా ఉండవు. వాటికి వేరే పద్దు పెట్టుకోండి.

సమస్య: పునాదిలోనే ఖర్చు తడిసి మోపెడైంది.
హైదరాబాద్‌లో చాలా చోట్ల కింద బండే. జేసీబీ ఆగిపోతే బండ పగలగొట్టే బ్రేకర్ పెట్టాలి, దాని గంట రేటు వేరు. బేరం కుదుర్చుకోకముందే రెండు మూలల్లో, సంపు వచ్చే చోట 5-6 అడుగులు తవ్వించి చూడండి. గట్టి బండ తగిలితే పిల్లర్ గుంతల లోతు తగ్గించవచ్చేమో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడగండి. డబ్బు తినేది ఎక్కువగా సంపే. అది బండ లేని మూలకు జరుగుతుందేమో చూడండి.

సమస్య: కాంక్రీటు చాలలేదు, ఇంకో లారీ కావాలంటున్నారు.
1000 చదరపు అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందానికి 11.8 ఘనపు మీటర్లు పడుతుంది, బీములు అదనం. సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే చట్రం) సగటున అర అంగుళం దిగినా మరో 1.2 ఘనపు మీటర్లు పోతుంది. సైట్‌లో కలిపితే అది దాదాపు 9-10 బస్తాల సిమెంటు. కడ్డీ కట్టకముందే ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన గొట్టంతో) నాలుగు మూలలూ, మధ్యలోనూ మట్టం చూడండి.

సమస్య: స్టీలు లెక్క తేలడం లేదు.
12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది 10.66 కిలోలు, అంటే టన్నుకు సుమారు 94 కడ్డీలు. బాగా తక్కువ వస్తే తూకంలో మోసం. ఎక్కువ వస్తే కడ్డీ సన్నం: మీటరు ముక్క 845 గ్రాములకు తగ్గితే లోడు తిప్పి పంపండి.

సమస్య: బ్యాంకు లోను విడత రాలేదు, పని ఆగింది.
బ్యాంకు పూర్తయిన పనికే ఇస్తుంది, మేస్త్రీ ముందే అడుగుతాడు. చెల్లింపులనూ బ్యాంకు దశలకే ముడిపెట్టండి, ఒక దశకు సరిపడా సొంత డబ్బు చేతిలో ఉంచుకోండి. లేబర్ డబ్బులో 10 శాతం మాత్రం చివరిదాకా ఆపండి, పైపుల లీకేజీ బయటపడేది నీళ్లు వదిలాకే.