సీప్యాప్ కొత్తగా పెట్టుకునేవారికి ఒక దర్జీ చెప్పే కొలతలు

నిద్రలో శ్వాస ఆగిపోయే జబ్బుకు ముఖానికి మాస్కు పెట్టి గాలి పంపే సీప్యాప్ యంత్రం కొని తెచ్చుకుని, నాలుగు రాత్రులు అవస్థపడి, బీరువా మీదకు ఎక్కించేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. కారణం అడిగితే యంత్రాన్ని తిడతారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది: గొడవంతా మాస్కుతోనే. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో నాకు జాకెట్లు కుట్టే దుకాణం ఉంది. భుజం జారుతోందని చంక దగ్గర కుట్టు బిగించే దర్జీల పనిని సరిదిద్దుతూనే సగం జీవితం గడిచింది. మాస్కు దగ్గరా జనం చేసేది అదే. గాలి కారితే పట్టీ లాగుతారు, ఇంకా కారితే ఇంకా లాగుతారు. తెల్లారేసరికి ముక్కు మీద ఎర్రటి గాడి పడుతుంది, గాలి మాత్రం కారుతూనే ఉంటుంది. అక్కడ చూడాల్సింది పట్టీని కాదు, కొలతను.

జబ్బు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోవడమే స్లీప్ ఆప్నియా. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒకసారిగా లెక్కిస్తారు. గంటకు ఇలా ఎన్నిసార్లు ఆగిందో, ఎన్నిసార్లు బాగా తగ్గిందో కలిపి చెప్పే అంకె, నిద్రలో చేసే పరీక్ష అయిన స్లీప్ స్టడీ కాగితంలో ఏహెచ్‌ఐ పేరుతో ఉంటుంది. అది 5 లోపు ఉంటే మామూలు. 15 దాకా తక్కువ స్థాయి, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. గురక మగవాళ్ల జబ్బని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలోనూ ఇది పెరుగుతుంది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా నీరసం ఉంటే ఇంటి పని ఎక్కువై అలిసిపోయామని మనమే సర్దిచెప్పుకుంటాం. ఆ సర్దుబాటు మానేసి పరీక్ష చేయించుకోండి.

యంత్రం చేసేది ఒకటే పని. గదిలోని గాలినే కాస్త ఒత్తిడితో లోపలికి పంపి, గొంతు మూసుకోకుండా నిలబెడుతుంది. ఆ ఒత్తిడిని నీటి సెంటీమీటర్లలో కొలుస్తారు. మామూలు యంత్రాల్లో అది 4 నుంచి 20 దాకా ఉంటుంది. మీకు ఎంత కావాలన్నది డాక్టరు నిర్ణయిస్తారు, ఆ అంకె జోలికి మీరు వెళ్లవద్దు. ఇందులో విడిగా ఆక్సిజన్ ఉండదు, మందు ఉండదు. ఈ మాట ఇంట్లో అందరికీ మొదటి రోజే చెప్పాలి. నేను ఈ యంత్రం పెట్టుకున్న కొత్తలో మా చెల్లెలు నన్ను చూడటానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అప్పా, ఆక్సిజన్ పెట్టేదాకా వచ్చిందా? నాకు ఒక్క మాటైనా చెప్పలేదేమిటి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. కరోనా చూసిన కళ్లకు ముఖం మీద ట్యూబు కనబడితే గుండె గుభేలుమనదా మరి!

ఇక మాస్కులు. ముక్కు రంధ్రాల కింద ఆనే చిన్న కుషన్లవి ఒక రకం, ముక్కు మొత్తాన్ని కప్పేవి రెండో రకం, ముక్కునూ నోటినీ కలిపి కప్పేవి మూడో రకం. నోరు తెరిచి నిద్రపోయేవారికి, ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండేవారికి మూడోది అవసరం కావచ్చు. మిగిలినవారు ముక్కు వరకే ఉండేదానితో మొదలుపెడితే ముఖం మీద బరువు తక్కువ, గాలి కారే అంచు కూడా తక్కువ. చాలా దుకాణాల్లో చేతికందిన మధ్య సైజు ఇచ్చి పంపేస్తారు. ఒప్పుకోకండి. చిన్నది, మధ్యది, పెద్దది మూడూ ముఖానికి పెట్టి చూపించమని అడగండి. కొలవడానికి చాలా కంపెనీలు అట్టముక్క లాంటి కొలబద్ద ఇస్తాయి, దాన్ని బయటికి తీయించండి. కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులుంటాయి. మీకు గానీ, మీ పక్కన పడుకునేవారికి గానీ పేస్‌మేకర్ లాంటి పరికరం ఉంటే అవి లేనిదే తీసుకోండి.

ముక్కుపుడక గురించి యంత్రంతో వచ్చే పుస్తకంలో ఒక్క ముక్క ఉండదు, అందుకని నేను చెబుతున్నాను. రంధ్రాల కింద ఆనే రకమైతే పుడక లోపలి మర కుషన్‌కు తగిలి గుచ్చుతుంది. ముక్కు మొత్తం కప్పే రకంలో పుడక మాస్కు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కుషన్ అంచు మాత్రం సరిగ్గా పుడక మీద పడకుండా అద్దంలో చూసుకోవాలి. బేసరి, అడ్డబాస లాంటివి రాత్రికి తీయక తప్పదు. పెళ్లయినవాళ్లు పుడక తీయకూడదని అభ్యంతరం చెప్పే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాదన పెట్టుకోకుండా రెండో రకం మాస్కు ఎంచుకోండి. మా అత్తగారి దగ్గర నేను నెగ్గిన పద్ధతి అదే.

జుట్టుకూ ఒక లెక్కుంది. కొప్పు పెట్టుకుని పడుకుంటే వెనకపట్టీ పైకి జారి మాస్కు కోణం మారిపోతుంది. కిందుగా వదులుగా జడ వేసుకుని, పట్టీ జడకు పైన, తల వెనక ఎముక కింద కూర్చునేలా చూడండి. తలకు కొబ్బరినూనె రాసే అలవాటుంటే పగటిపూటకు మార్చుకోండి. ముఖానికి నూనె, క్రీము ఉంటే సిలికాన్ అంచు జారుతుంది, త్వరగా పాడవుతుంది కూడా. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడుక్కుని తుడుచుకోవాలి. మగవాళ్ల విషయంలో గుబురు మీసం కింది నుంచి గాలి కారుతుంది. మా ఆయనకు ఈ జబ్బు లేదు కాబట్టి ఆ మీసం బతికిపోయింది.

బిగింపు ఎప్పుడూ పడుకుని చూసుకోవాలి. కూర్చున్నప్పుడు ముఖం ఒకలా ఉంటుంది, పడుకుంటే బుగ్గలు పక్కకు జారి వేరేలా అవుతుంది. యంత్రం వేసి, గాలి వస్తుండగా మాస్కును ముఖం నుంచి కొద్దిగా ముందుకు లాగి వదలండి. కుషన్ గాలితో ఉబ్బి తన చోట తాను కూర్చుంటుంది. ఆ తర్వాత పై పట్టీలు, చివర కింది పట్టీలు, రెండు వైపులా సమానంగా సర్దండి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి. కళ్లలోకి గాలి కొడుతుంటే మాస్కు ముక్కు మీద సరిగా కూర్చోలేదని, లేదా సైజు పెద్దదని అర్థం. మాస్కు ముందుభాగంలో సన్నని రంధ్రాల నుంచి వచ్చే బుస మాత్రం లీకు కాదు. మనం వదిలిన గాలి బయటికి పోవడానికి కావాలనే పెట్టిన దారి అది. దాన్ని దుప్పటితో, గుడ్డతో ఎప్పుడూ మూయకండి.

రాత్రి పదింటికి తొలిసారి పెట్టుకుని నిద్ర రావాలంటే రాదు. పగలు మొదలుపెట్టండి. మొదట పట్టీలు లేకుండా చేత్తో మాస్కును ముక్కుకు ఆనించి, నోరు మూసి ఊపిరి తీయండి. నోరు తెరిస్తే గాలి ఉరుకుతుంది, కంగారు పడవద్దు, మూస్తే ఆగుతుంది. నాలుకను పై అంగిలికి ఆనిస్తే నోరు మూసి ఉంచడం తేలిక. తర్వాత పట్టీలతో పెట్టుకుని కూర్చుని ఏదో ఒక పని చేయండి. నేను హుక్కులు కుట్టేదాన్ని. చేతులు పనిలో ఉంటే మనసు ముఖం మీద ఉండదు. అది కుదిరాక మధ్యాహ్నపు కునుకు, ఆ తర్వాతే రాత్రి. భయం వేసినప్పుడు ఒక్క లాగుతో మాస్కు ఊడదీయగలనని తెలిసి ఉండటం పెద్ద ధైర్యం, అందుకే తీయడం కూడా చీకట్లో సాధన చేయండి.

యంత్రంలో ర్యాంప్ అని ఒకటి ఉంటుంది. తక్కువ ఒత్తిడితో మొదలై నిమిషాల వ్యవధిలో మెల్లగా అసలు ఒత్తిడికి చేరుతుంది. ఊపిరి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గించే సదుపాయం కూడా చాలా యంత్రాల్లో ఉంది. "ఊపిరి వదలలేకపోతున్నాను" అనిపిస్తే ఈ రెండూ వేసి ఉన్నాయో లేదో అమ్మినవారిని అడగండి. నడిరాత్రి మెలకువ వచ్చి గాలి మరీ ఎక్కువనిపిస్తే, ఆపి మళ్లీ వేస్తే ర్యాంప్ మొదటి నుంచి వస్తుంది. చప్పుడు గురించి భయం వద్దు. 1981లో సిడ్నీలో కోలిన్ సల్లివాన్ అనే వైద్యుడు ఈ చికిత్సను లోకానికి చెప్పినప్పుడు వాడింది వ్యాక్యూమ్ క్లీనర్ మోటారట. ఇప్పటివి ఫ్యాను చప్పుడులో కలిసిపోతాయి.

మన సముద్రపు గాలికి గదిలో తేమ ఎలాగూ ఉంటుంది. అందుకని వానాకాలంలో, నీళ్ల తొట్టితో గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్‌ను తక్కువలో పెట్టండి, చలికాలంలోనో ఏసీ గదిలోనో గొంతు ఎండితే ఒక్కో మెట్టు పెంచండి. ట్యూబులో నీళ్లు చేరి గుడగుడమంటే తేమ ఎక్కువైంది, లేదా గది చల్లగా ఉంది. తేమ తగ్గించండి, ట్యూబును దుప్పటి కిందికి జరపండి. యంత్రం తల కంటే తక్కువ ఎత్తులో ఉండాలి, అప్పుడు నీళ్లు ముఖం మీదకు రావు. అలాగని నేల మీద పెడితే దుమ్ము పీలుస్తుంది, పొట్టి స్టూలు మేలు. తొట్టిలోకి మందుల షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లు పోస్తే అడుగున తెల్లటి చార కడుతుంది. ఇన్వర్టరులో పోసే బ్యాటరీ నీళ్లు అసలే వద్దు. మిగిలిన నీళ్లు రోజూ పారబోయాల్సిందే. దోమల చక్రం, అగరొత్తి ఆ గదిలో వెలిగించకండి, ఆ పొగంతా నేరుగా మీ ముక్కులోకే వస్తుంది. దోమతెర కట్టుకుని ట్యూబును అంచు కింది నుంచి లోపలికి తీసుకోండి.

ముఖం ఒరుసుకుపోయేవారికి నా సొంత పని ఒకటి చెబుతాను. పట్టీలకు తొడుగులు కుట్టడానికి పాత నూలు చీర చాలు. నేనైతే పొందూరు ఖద్దరు ముక్కలు వాడాను. వాలుగ చేప దవడ ఎముకతో దూదిని ఏకి వడికిన నూలుకు బుగ్గ మీద గరుకుదనం ఏముంటుంది! కుషన్‌కూ చర్మానికీ మధ్య వేసే గుడ్డకు మాత్రం ఖద్దరు పనికిరాదు. నేత గుడ్డ సాగదు, ముడత దగ్గర గాలి కారుతుంది. పాత బనియను గుడ్డ తీసుకోండి. కుషన్‌ను కాగితం మీద పెట్టి గీత గీసి, బయటి అంచు అర అంగుళం ఎక్కువగా, లోపలి రంధ్రం ముక్కుకు అడ్డు రానంత పెద్దగా కత్తిరించండి. అంచు మడిచి కుట్టవద్దు, కుట్టు మందం దగ్గరే గాలి దూరుతుంది. నాలుగైదు చేసుకుంటే రోజుకొకటి ఉతుక్కోవచ్చు.

కడగడం కష్టం కాదు. కుషన్‌ను రోజూ తడిగుడ్డతో తుడవాలి, వారానికోసారి మాస్కు, ట్యూబు, తొట్టి, పట్టీలు గోరువెచ్చని నీళ్లలో మెత్తని సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలి. ఎండలో వద్దు. బ్లీచింగు, స్పిరిట్, డెటాల్ వద్దే వద్దు. ఫిల్టర్ బూడిదరంగుకు తిరిగితే మార్చేయండి, రోడ్డు పక్క ఇళ్లలో అది తొందరగానే తిరుగుతుంది.

కరెంటు పోతే ఏమిటన్న ప్రశ్న ఇక్కడ అందరిదీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తరువాత ఉద్దానం పల్లెలు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాయో మనకు గుర్తుంది కదా. ఇన్వర్టరుంటే యంత్రాన్ని ఆ లైనులో పెట్టించండి. నీళ్లు వేడిచేసే భాగం ఆపితే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. మాస్కు ఉండగా కరెంటు పోయినా కంగారు వద్దు, ముక్కూ నోరూ కప్పే మాస్కులకు బయటి గాలి రావడానికి వేరే కవాటం ఉంటుంది. మాస్కు తీసేసి, తల ఎత్తుగా పెట్టుకుని పక్కకు తిరిగి పడుకోండి. పెళ్లిళ్లకు ఊరెళ్తే తొట్టి ఖాళీ చేసి, యంత్రాన్ని చేతిసంచిలోనే పట్టుకెళ్లండి. పొడవు తీగ ఉన్న జంక్షన్ బాక్సు తప్పనిసరి, పెళ్లివారింట్లో ప్లగ్గు ఎప్పుడూ మంచానికి ఎదురుగోడకే ఉంటుంది.

పొద్దున్నే తెరమీద మూడు అంకెలు చూడండి: ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారింది, ఏహెచ్‌ఐ ఎంత. చివరిది 5 లోపుకు రావాలి. రాత్రికి 4 గంటలు చాలంటారు కొందరు. అది అమెరికా బీమావాళ్లు డబ్బు కట్టడానికి పెట్టుకున్న హద్దు, మీ గొంతుకు ఆ సంగతి తెలియదు. నిద్రపోయినంతసేపూ పెట్టుకోండి, మధ్యాహ్నం కునుక్కూ అంతే. కడుపు గాలితో ఉబ్బడం, ముక్కు పదేపదే మూసుకుపోవడం, ముఖం మీద పుండు, పగలు మత్తు తగ్గకపోవడం, వీటిలో ఏది కొనసాగినా యంత్రం మానేయకుండా అందులోని మెమరీ కార్డు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. అందులో ప్రతి రాత్రి లెక్కా ఉంటుంది. మాస్కును కూడా సంచిలో వేసుకుని వెళ్లి, ఆయన ముందే పడుకుని పెట్టి చూపించండి.